ఒక గోధుమ వంశావళికి టీక

మూలం

ఎన్‌డి / వీజీ9144 // కాల్ / బీబీ /3/ యాకో /4/ వీరీ#5

పీబీడబ్ల్యూ 343 అనే గోధుమ వంగడం వంశావళి ఇది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1995లో ఈ వంగడాన్ని విడుదల చేసింది. కొన్నేళ్లలోనే పంజాబ్, హర్యానా, పడమటి ఉత్తరప్రదేశ్ పొలాలను కమ్మేసి, మంచి ఊపులో ఉన్న రోజుల్లో దాదాపు 70 లక్షల హెక్టార్లలో పండింది. 2000 సంవత్సరానికి అటూ ఇటూగా హైదరాబాదులోనో విజయవాడలోనో చపాతీలు తిన్నవాళ్లలో చాలామంది పేరు తెలియకుండానే దీన్ని తిని ఉంటారు.

అసలు సంకరం మన దేశంలో జరగలేదు. మెక్సికోలో ఉన్న అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం సిమిట్‌లో జరిగింది. అక్కడ దీని తోబుట్టువుల్ని అటిలా అంటారు. సంకరం సంఖ్య సీఎం 85836. అక్కణ్ణుంచి వచ్చిన విత్తనంలో తమ నేలకు నప్పినదాన్ని లూధియానావాళ్లు ఏరుకున్నారు.

క్రియ లేదు, విభక్తి లేదు, వాక్యమే కాదు. వ్యాకరణ సూత్రాలు రాసినవాళ్లు కూడా ఇంత పొదుపు పాటించలేదేమో. టీక లేకుండా లోపలికి పోలేం. కావ్యాలకు కోలాచలం మల్లినాథసూరి చేసిన పనిని గోధుమకు చేయబోవడం కాస్త సాహసమే. అయినా చేయదగ్గదే, ఎందుకంటే తెగుళ్లతో మనిషి పడిన తంటా అంతా ఈ పంక్తిలో పేరుపేరునా ఉంది. ఎండ గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు. ఉన్నదాన్ని ముందు చూసి, లేనిదాని దగ్గరికి తర్వాత వద్దాం.

గీతలు

ముందు గీతల సంగతి తేల్చాలి. పదాల కన్నా అవే ఎక్కువ పని చేస్తున్నాయి. ఒంటి గీత తొలి సంకరం. దానికి ఎడమవైపున్నది తల్లి, కుడివైపున్నది పుప్పొడి ఇచ్చిన తండ్రి. జంట గీత రెండో సంకరం. మూడో సంకరం నుంచి గీతల మధ్య అంకె వేస్తారు, లేకపోతే గీతలు లెక్కపెట్టడంలోనే పొద్దుపోతుంది. 1968లో పర్డీ, ఆయన సహచరులు ప్రతిపాదించిన పద్ధతి ఇది. దీని ప్రకారం అన్వయం ఇలా వస్తుంది: ఎన్‌డిని వీజీ9144తో కలిపారు. వేరుగా కాల్‌ని బీబీతో కలిపారు. ఆ రెండు సంతానాలనూ ఒకదానితో ఒకటి కలిపారు. పుట్టినదాన్ని యాకోతో, దాని సంతానాన్ని వీరీ#5తో కలిపారు.

గీత గీయడం తేలికే. పొలంలో ఆ గీతకు అర్థం వేరు. కంకి పొట్టలోంచి బయటికి వచ్చీరాగానే, పుప్పొడి రాలకముందే, ఒక్కో పువ్వు విప్పి అందులోని మూడు కేసరాలనూ పట్టుకారుతో తీసేయాలి. కంకికి కాగితపు సంచి తొడగాలి. రెండు మూడు రోజులకు తండ్రి కంకి తెచ్చి పుప్పొడి దులపాలి. గోధుమ తన పుప్పొడితో తానే గింజ కట్టే మొక్క కాబట్టి ఒక్క కేసరం మిగిలినా సంకరం చెడుతుంది.

గీతలు చెప్పనిది ఇంకొకటుంది. సంకరం అయ్యాక వేలాది మొక్కలు పుడతాయి, ఏ రెండూ ఒకటి కావు. అందులోంచి ఏరడం ఏడెనిమిది తరాల పని. ఆ చరిత్రను సిమిట్‌లో సంకరం సంఖ్య వెనక తోకలా రాస్తారు: ఏ తరంలో ఎన్నో మొక్కను, ఏ ఊళ్లో ఎంచారన్నది. అందులో వై అన్న అక్షరం మెక్సికోలోని యాకీ లోయకు గుర్తు. నార్మన్ బోర్లాగ్ ఒకే ఏడాదిలో రెండు పంటలు తీయాలని చలికాలం పంటను సముద్రమట్టానికి కొద్దిగా ఎత్తులో ఉన్న యాకీ లోయలోనూ, వేసవి పంటను రెండున్నర వేల మీటర్లు దాటిన మధ్య మెక్సికో పీఠభూమిలోనూ వేశాడు. కాలం ఆదా చేద్దామన్నది ఆయన ఉద్దేశం. లాభం ఇంకోవైపు నుంచి కూడా వచ్చింది. రెండుచోట్లా పగటి నిడివి వేరు, తెగుళ్లు వేరు, వాన వేరు. రెండింటినీ ఓర్చుకున్న మొక్కకు పగటి నిడివితో పట్టింపు పోయింది. మెక్సికోలో ఏరిన గింజ లూధియానాలో మొలిచి నిలవడానికి సగం కారణం ఇదే.

ఎన్‌డి

నార్డ్ దెప్రే, ఫ్రాన్స్ గోధుమ. శీతాకాలమంతా మంచులో పడుంటే తప్ప కంకి వేయని జాతి. పంజాబ్‌కి గానీ మెక్సికోకి గానీ దీన్ని నేరుగా తెచ్చి వేస్తే గడ్డిలా మిగిలిపోతుంది. అయినా ఎందుకు కలిపారంటే, చలి గోధుమలూ వసంత గోధుమలూ చాలాకాలం వేర్వేరు లోకాల్లో పెరిగాయి. ఒకదానిలో ఉన్న తెగులు నిరోధం రెండోదానికి తెలియదు. ఆ గోడ పగలగొట్టడం సిమిట్ తలకెత్తుకున్న పెద్ద పనుల్లో ఒకటి. ఈ పంక్తిలో గోడ రెండుచోట్ల పగిలింది. ఒకటి ఇక్కడ, రెండోది చివరి పదంలో.

వీజీ9144

పేరు లేదు, సంఖ్యే. వంశావళుల్లో ఇలాంటి పూర్వీకులు కొల్లలు. ముందుకు పోదాం.

కాల్

కల్యాణ్ సోనా. ఇది మన పంట చరిత్రలో మామూలు పేరు కాదు. బోర్లాగ్ బృందం మెక్సికోలో చేసిన 8156 అనే సంకరంలోంచి తెల్ల గింజ వరసను ఎంచి 1967లో ఇక్కడ విడుదల చేశారు. అదే సంకరం మెక్సికోలో సియెటే సెర్రోస్, పాకిస్తాన్‌లో మెక్సిపాక్. దాని పొట్టిదనం జపాన్ నుంచి వచ్చింది. ఇనజుకా గొంజిరో తయారుచేసి 1935లో విడుదలైన నోరిన్ 10ని యుద్ధం తర్వాత అమెరికాకు పట్టుకెళ్లారు. అక్కడ ఆర్విల్ వోగెల్ చేతిమీదుగా ఆ పొట్టి జన్యువులు బోర్లాగ్‌కు చేరాయి. అప్పటిదాకా ఎరువు ఎక్కువ వేస్తే పొడుగు గోధుమ కంకి బరువుకు చేలో పడిపోయేది. పొట్టి గోధుమ నిలబడింది. హరిత విప్లవం గురించి అందరూ చెప్పేది ఇంతవరకే.

అందరూ చెప్పనిది ఏమిటంటే, 1970ల మొదట్లోనే కల్యాణ్ సోనా ఆకుల మీద గోధుమరంగు కుంకుమ తెగులు విరుచుకుపడింది. విడుదలై నిండా అయిదారేళ్లు. ఎందుకలా జరిగిందో అమెరికాలో హెచ్.హెచ్. ఫ్లోర్ అవిసె కుంకుమ మీద చేసిన పరిశోధన 1940లలోనే చెప్పింది. మొక్కలో ఉన్న ఒక్కో నిరోధక జన్యువూ శిలీంధ్రంలోని ఒక్కో జన్యువును గుర్తుపట్టి తెగులు సోకిన కణాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది, తెగులు పాకదు. శిలీంధ్రంలో ఆ ఒక్క జన్యువు మారిందా, మొక్కకు శత్రువు కనబడదు. ఒక్క ఆకు మీది పొక్కుల్లో వేలాది సిద్ధబీజాలు పుడతాయి, గాలి వాటిని వందల కిలోమీటర్లు మోస్తుంది. లక్షల హెక్టార్లలో ఒకే జన్యువు కాపలా కాస్తుంటే ఆ ఒక్క మార్పు ఎక్కడో ఒకచోట జరగడం తప్పదు, జరిగినదానికి మేత అంతులేకుండా ఉంటుంది.

బీబీ

బ్లూబర్డ్. ఇదీ మెక్సికో గోధుమే. యెకోరా 70 వంటి వంగడాలకు తల్లిగడ్డ. దీని సొంత వంశావళి విప్పితే లోపల 8156 మళ్లీ కనబడుతుంది. అంటే కాల్, బీబీ దగ్గర చుట్టాలు. మేనరికం అన్నమాట.

అంతటితో పోలేదు. చివరి పదమైన వీరీని విప్పితే అక్కడ కూడా కాల్/బీబీ ఉంది. ఒకే జంట సంతానం ఒకే వంశంలోకి రెండు దారుల్లో వచ్చింది. పైకి ఆరు పేర్లున్న ఈ పంక్తి లోపల కనిపించినంత విశాలం కాదు. వంశావళి చదివేటప్పుడు పేర్లు లెక్కపెట్టి వైవిధ్యం ఉందనుకోవడం మోసపోవడమే.

యాకో

సిమిట్‌లోనే తయారైన వరస. మూడో సంకరంలో వచ్చి చేరింది.

వీరీ#5

పంక్తి బరువంతా ఈ చివరి పదం మీదే ఉంది. వీరీ సంకరానికి కర్త సంజయ రాజారాం. వారణాసి దగ్గరి పల్లెలో పుట్టి, ఢిల్లీలో, సిడ్నీలో చదివి, మెక్సికోలో బోర్లాగ్ తర్వాత గోధుమ విభాగం నడిపాడు. 2014లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నాడు, 2021లో కోవిడ్‌తో పోయాడు. వీరీ తల్లివైపు మూలం కావ్‌కాజ్, సోవియట్ రష్యాలో క్రాస్నోదార్ దగ్గర పావెల్ లుక్యానెంకో తయారుచేసిన చలి గోధుమ. దానిలో ఒక విచిత్రం ఉంది. గోధుమ 1బీ క్రోమోజోమ్‌కు ఉండాల్సిన పొట్టి భుజం పోయి, ఆ స్థానంలో రై ధాన్యపు క్రోమోజోమ్ పొట్టి భుజం అతుక్కుంది. జర్మనీలో గోధుమనూ రైనీ కలిపే ప్రయత్నాల్లో పుట్టిన అతుకు అది.

ఆ రై ముక్కలో నాలుగు కాపలాలు ఒకేచోట ఉన్నాయి. నల్ల కుంకుమకు ఎస్ఆర్31, గోధుమరంగు కుంకుమకు ఎల్ఆర్26, పసుపు కుంకుమకు వైఆర్9, బూడిద తెగులుకు పీఎం8. రై భుజానికీ గోధుమ భుజానికీ ముక్కల మార్పిడి జరగదు కాబట్టి నాలుగూ విడిపోకుండా మూటగా పిల్లలకు అందుతాయి. వంగడాలు తయారుచేసేవాడికి ఇంతకన్నా వరం లేదు. ధర లేకపోలేదు: రై ప్రోటీన్ వల్ల రొట్టెల కార్ఖానాల్లో పిండి జిగురుగా అంటుకుంటుంది. దిగుబడి ముందు ఆ గొడవ ఎవరూ పట్టించుకోలేదు. 1980లలో వీరీ పిల్లలు లోకమంతా పరుచుకున్నాయి. ఈ వీరీ#5నే మెక్సికోలో సెరీ 82 పేరుతో విడుదల చేశారు. ఆ పేరు గుర్తుంచుకోవాలి, వేడి దగ్గర మళ్లీ వస్తుంది.

నాలుగు కాపలాలూ ఒకే మూటలో ఉంటే మూట పోయినప్పుడు నాలుగూ పోతాయన్న భయం వంగడాలు తయారుచేసేవాళ్లకు ఉండే ఉంటుంది. జరిగింది మాత్రం ఒక్కొక్కటిగా. వైఆర్9ని దాటే పసుపు కుంకుమ 1980ల మధ్యలో తూర్పు ఆఫ్రికాలో కనబడింది. యెమెన్ మీదుగా, పశ్చిమాసియా మీదుగా గాలివాటున ఒక్కో దేశమే దాటుకుంటూ 1990ల మధ్యకు మన ఉపఖండానికి వచ్చింది. పీబీడబ్ల్యూ 343 అప్పటికి పడిపోలేదు, దాని దగ్గర వైఆర్27 అనే ఇంకో కాపలా ఉంది. అంతా ధైర్యంగా దాన్నే వేశారు. 2001 ప్రాంతంలో పంజాబ్‌లో 78ఎస్84 అనే కొత్త తెగ బయటపడింది. అది వైఆర్27ని కూడా దాటింది. ఆ దశాబ్దం చివరికి శివాలిక్ కొండల కింది పొలాల్లో ఆకులు పసుపు చారలతో నిండి, చేలో నడిచినవాడి బట్టలకు పసుపు పొడి అంటుకునేంతవరకు వచ్చింది. రైతులు 2011లో విడుదలైన హెచ్‌డీ 2967కి మారారు. అది కూడా అదే వేగంతో అంతటా పరుచుకుంది, దానికీ పసుపు కుంకుమ తగులుకుంది.

నా లెక్కలో తప్పు ఏ వంగడానిదీ కాదు. ఆరేడేళ్లపాటు నిలిచిన జన్యువు 70 లక్షల హెక్టార్లలో కాక ఏడు లక్షల్లో ఉండి ఉంటే ఇంకా నిలిచేదేమో. కానీ బాగున్న విత్తనాన్ని తక్కువ వేయమని రైతుకు ఎవరు చెబుతారు, చెబితే ఎవరు వింటారు?

నల్ల కుంకుమ కథ వేరు. దాన్ని ఆపే ఎస్ఆర్31 దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. 1998లో ఉగాండాలో తీసిన నమూనాల్లో దాన్ని దాటే తెగ దొరికింది. మరుసటి ఏడు దానికి యూజీ99 అని పేరుపెట్టారు. కెన్యా, ఇథియోపియా, యెమెన్ దాటి 2007లో ఇరాన్ చేరింది. 2005లో 91 ఏళ్ల బోర్లాగ్ మళ్లీ రంగంలోకి దిగి ప్రపంచాన్ని హెచ్చరించాడు. కెన్యాలోని న్జోరోలో దేశదేశాల గోధుమల్ని పరీక్షకు నిలబెట్టారు. పీబీడబ్ల్యూ 343 అక్కడ నిలవలేదు. మన దేశంలో ఆ తెగ ఇంతవరకు నమోదు కాలేదు, ఇక్కడ ఎస్ఆర్31 పనిచేస్తూనే ఉంది.

నల్ల కుంకుమతో మనకొక చుట్టరికం ఉంది. ఆ శిలీంధ్రం మన దేశంలో ఎండాకాలం ఎక్కడ బతుకుతుందో ఆగ్రాలో కె.సి. మెహతా ఏళ్ల తరబడి వెతికాడు. ఐరోపాలోలాగా బార్బెర్రీ పొద మీద కాదు, కొండల మీద చల్లటి చోట్ల మిగిలే గోధుమ మీదే అని తేల్చాడు. దక్షిణాన అలాంటి చోట్లు నీలగిరులు, పళని కొండలు. అక్కణ్ణుంచి నవంబరు తుఫానుల గాలులు సిద్ధబీజాల్ని మధ్య భారతం దాకా మోసుకుపోయి వానతో కింద పోస్తాయని 1970లలో నాగరాజన్, జోషి చూపించారు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మన కోస్తాలో వరి కుప్పల బెంగ. అదే గాలి తమిళ కొండల నుంచి మధ్యప్రదేశ్ గోధుమకు తెగులు మోసుకుపోయే దారి కూడా.

ఒంటి కాపలా ఓడుతుందని తెలిశాక రాజారాం, ఆయన తర్వాత రవి పి. సింగ్ ఇంకో దారి పట్టారు. తెగుల్ని పూర్తిగా ఆపకుండా నెమ్మదింపజేసే చిన్న జన్యువులున్నాయి. ఎల్ఆర్34 వాటిలో పేరుమోసింది. ఒక్కటిగా ఉంటే దాని బలం అంతంతే. నాలుగయిదు కలిస్తే చేలో తెగులు కనబడీ కనబడనట్టు ఉంటుంది. ఎల్ఆర్34 ఉన్న మొక్కలో ముదిరిన ఆకు కొన కాస్త ఎండుతుంది, అనుభవజ్ఞుడు పొలంలో దాన్ని చూసే పట్టేస్తాడు. ఇవి శిలీంధ్రాన్ని చంపవు కాబట్టి దాన్ని మారమని తొందరపెట్టవు. ఎల్ఆర్34 వందేళ్ల పైచిలుకు వాడకంలో ఉన్నా ఓడలేదు. అటిలా తోబుట్టువుల్లో ఇలాంటి వైఆర్29 ఉందని తర్వాత తేలింది గానీ, ఒక్కటి ఏం చేస్తుంది?

పంక్తిలో లేని పదం: వేడి

ఉత్తరాదిలో వరి కోశాక, చెరకు కొట్టాక గోధుమ వేస్తారు. ఆ కోత ఆలస్యమైతే విత్తు డిసెంబరులో పడుతుంది. గింజ పాలుపోసుకునే వేళకు మార్చి ఎండ వచ్చేస్తుంది. పిండిపదార్థాన్ని గింజలో పేర్చే ఎంజైమ్ వేడికి ఓర్వదు. 30 డిగ్రీలు దాటితే దాని పని మందగిస్తుంది. మొక్క తొందరపడి పండిపోతుంది. గింజల సంఖ్య సరిగానే ఉంటుంది, నొక్కుకుపోయి తేలికగా ఉంటాయి. 2022 మార్చి మన దేశంలో 1901 నుంచి రికార్డులున్నంతలో అన్నిటికన్నా వేడి మార్చి. 11.13 కోట్ల టన్నులు పండుతుందని వేసిన అంచనాను ప్రభుత్వం తగ్గించుకుంది, మే 13న ఎగుమతులు ఆపేసింది. ప్రపంచం మొత్తం మీద ఒక్క డిగ్రీ పెరిగితే గోధుమ దిగుబడి 6 శాతం పడిపోతుందని 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది.

శిలీంధ్రం లాగా ఎండ తెగలు మార్చదు. గోధుమ చేసే పనికి బదులు చెప్పదు. ఆ లెక్కన వేడి సులువైన శత్రువు. చిక్కు ఏమిటంటే, వేడిని ఆపే ఒక్క జన్యువు లేదు. వేరు ఎంత లోతుకు పోతుంది, ఆకు ఎంతకాలం పచ్చగా ఉంటుంది, కాండంలో దాచుకున్న చక్కెరను చివర్లో కంకికి ఎంత పంపుతుంది, పుప్పొడి ఎంతవరకు బతుకుతుంది: ఇవన్నీ పదుల కొద్దీ చిన్న జన్యువుల ఉమ్మడి పని. అందుకే వంశావళి చూసి ఇది తెగులుకు ఆగుతుందని కొంత చెప్పవచ్చు గానీ, ఎండకు ఆగుతుందని చెప్పలేం. విత్తి చూడాల్సిందే.

విత్తి చూసే పద్ధతి మెక్సికోలో మొరటుగా ఉంటుంది. యాకీ లోయలో మామూలుగా నవంబరులో వేసేదాన్ని ఫిబ్రవరిలో వేస్తారు. ఏప్రిల్, మే ఎండల్లో ఏది గింజ కడితే అది మిగులుతుంది. దానితోపాటు మిట్టమధ్యాహ్నం చేతిలో పట్టే పరారుణ థర్మామీటరుతో ఒక్కో మడి పైరు వేడిని కొలుస్తారు. నీరు బాగా తోడుకునే మొక్క ఆవిరి వదిలి పక్కమడి కన్నా డిగ్రీ, రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది. సెరీ 82 మళ్లీ వచ్చేది ఇక్కడే. దాన్ని బాబాక్స్ అనే గోధుమతో కలిపి, ఆ పిల్లల్లో చల్లదనానికి కారణమైన క్రోమోజోమ్ భాగాలు వెతికారు. వేడిలోనూ నీటి ఎద్దడిలోనూ పైరును చల్లగా ఉంచేవి ఒకే చోట్ల దొరికాయి. దారి వేరుదే అని తేలింది: తడి లోతులో ఉంటే వేరు లోతుకు, పైన ఉంటే పైనే చిక్కగా.

ఇప్పుడు మూలానికి మళ్లీ వద్దాం. పీబీడబ్ల్యూ 373 అని ఇంకో వంగడం ఉంది. ఆలస్యంగా విత్తే పొలాల కోసం ఎంచినది. దాని వంశావళి రాస్తే ఇదే పంక్తి వస్తుంది, ఒక్క గీత తేడా లేకుండా. ఒకటి సకాలంలో విత్తడానికి, రెండోది ఎండను ఎదుర్కొనే ఆలస్యపు విత్తుకు. ఆ తేడా అంతా ఏరినవాడి కంట్లో ఉంది.

ఈమధ్య ఇంకో ఆలోచన వచ్చింది. ఎండను ఓర్చుకోవడం కాదు, ఎండ రాకముందే గింజ కట్టేయడం. అక్టోబరు చివర్లోనే విత్తితే మార్చి మధ్యకు గింజ నిండుతుంది. కానీ మామూలు గోధుమ అంత ముందు విత్తితే వెచ్చదనానికి తొందరపడి కంకి వేసేస్తుంది. కాస్త చలి తగిలేదాకా కంకి వేయకుండా ఆగే గుణం కావాలి. నార్డ్ దెప్రే లాంటి చలి గోధుమల దుర్గుణం అనుకున్నదే ఇప్పుడు కొద్ది మోతాదులో మందు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ హెచ్‌డీ 3385 వంటి కొత్త గోధుమల్లో ఈ దారినే పోతోంది.

వేడీ తెగులూ విడివిడిగా కూడా ఉండవు. ఎస్ఆర్6 అనే నల్ల కుంకుమ కాపలా 20 డిగ్రీల దగ్గర పనిచేసి, 26 దగ్గర చేతులెత్తేస్తుంది. అడవి గోధుమ నుంచి వచ్చిన వైఆర్36 తిరగబడి ఉంటుంది, వెచ్చబడితేనే పనిచేస్తుంది. ఒకప్పుడు చల్లటి చోటికే పరిమితమైన పసుపు కుంకుమలో 2000 తర్వాత వెచ్చదనాన్ని ఓర్చుకునే తెగలు వచ్చాయి.

అతుకు

పీబీడబ్ల్యూ 343ని లూధియానావాళ్లు వదల్లేదు. తెగులు సోకే గుణం తప్ప మిగతా అంతా బాగున్న మొక్క. దాన్ని కాపలా ఉన్న గోధుమతో కలిపి, పుట్టినదాన్ని మళ్లీ మళ్లీ పీబీడబ్ల్యూ 343తోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ డీఎన్ఏ గుర్తులతో కావలసిన జన్యువు ఉన్న మొక్కనే మిగిల్చి, 2017లో ఉన్నత్ పీబీడబ్ల్యూ 343ని తెచ్చారు. వంశావళిలో ఇలాంటి పునఃసంకరాన్ని చుక్కగుర్తు, అంకెతో రాస్తారు. కొత్తగా చేరినవి రెండు ముక్కలు, రెండూ గోధుమ అడవి చుట్టాల నుంచే. ఒకటి ఈజిలాప్స్ అంబెల్యులాటాది. రెండోది ఈజిలాప్స్ వెంట్రికోసాది. దానిలో గోధుమరంగు కుంకుమకు ఎల్ఆర్37, పసుపుకు వైఆర్17, నల్లదానికి ఎస్ఆర్38 మళ్లీ మూటగానే ఉన్నాయి.

ఆ వెంట్రికోసా ముక్క గోధుమ అగ్గి తెగులును కూడా ఆపుతుందని తర్వాత తెలిసింది. మన వరి రైతు బాగా ఎరిగిన అగ్గి తెగులు శిలీంధ్రానిదే ఇంకో తెగ అది. 1985లో బ్రెజిల్‌లో గోధుమ మీదకు ఎక్కి, 2016లో బంగ్లాదేశ్‌లో దిగింది. దాంతో ఆ ముక్కకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది, సిమిట్ కొత్త వరసల్లో ఎక్కువభాగంలో ఇప్పుడు అదే ఉంది. దక్షిణ అమెరికాలో దాన్ని దాటే అగ్గి తెగులు నమూనాలు అప్పుడే దొరుకుతున్నాయి.